చివరి పాట వేడి

ఈసారి ఎండలు ముదరకముందే మా ఆవిడ జనగామ అంగడిలో కొత్త రంజన్ కుండ కొనుక్కొచ్చింది. వరండా మూలన ఇసుక పోసి, దాని మీద కుండను కదలకుండా కూర్చోబెట్టి, అంచు దాకా నీళ్లు నింపింది. మర్నాడు పొద్దున నేను పని గదిలో కూర్చుని ఉండగా కుండ చెమర్చి, కింది ఇసుక తడిసి, ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. తడి ఇసుక వాసన ఎవరికైనా హాయిగానే ఉంటుంది. నాకు మాత్రం కడుపులో సన్నగా మంట మొదలైంది. దాచుకోవడం దేనికి, అది ఓర్వలేనితనం. పదకొండేళ్లుగా నాతోపాటు అన్నం తిని, నాతోపాటు పెరిగింది. దాన్ని నాలో నాటింది ఎవరో చెప్పాలంటే ముందు ఏసుపాదం సార్ గురించి చెప్పాలి. మీరెవరూ ఆయనను చూసి ఉండరు. భూపాలపల్లిలో మోటార్లు బాగుచేసుకుంటూ, ఆదివారాలు ప్రార్థన మందిరంలో గిటార్ వాయిస్తూ బతికిన మనిషి ఆయన.

నేను చేసే పని కూడా రెండు మాటల్లో చెప్పాలి. గిటార్ శబ్దాన్ని ఒక చిన్న డబ్బాలోంచి పంపితే అది గొంతు బొంగురుపోయినట్టు గరగరలాడుతూ బయటికి వస్తుంది. దాన్ని ఫజ్ అంటారు. కాలితో నొక్కే డబ్బా కాబట్టి ఫజ్ పెడల్. పాతకాలంలో చేసిన ఆ డబ్బాలు ఇప్పుడు దొరకవు, దొరికినా సరిగ్గా పనిచేయవు. అందుకని వాటి గొంతును కంప్యూటర్‌లో యథాతథంగా పలికించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. జనగామలో ఇంట్లోనే కూర్చుని ఒక చిన్న కంపెనీకి నేను రాసేది అవే. ఊళ్లో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటాను.

బీటెక్ పాసై, ఉద్యోగం లేక, మొగుళ్లపల్లిలో మా నాయిన మాటలు పడుతున్న రోజులవి. ఒకనాడు మా బావి మీది మోటారు మొరాయించింది. నేను చదివింది కరెంటు చదువే కాబట్టి దాన్ని విప్పి, చూసి, వైండింగ్ పోయిందని తేల్చాను. ఆటోలో వేసుకుని భూపాలపల్లికి తీసుకుపోయాను. చెల్పూర్ వెళ్లే దారిలో ఒక రేకుల దుకాణం. గోనెసంచి మీద కూర్చుని ఒకమ్మాయి రాగి తీగను అచ్చుకు చుడుతోంది. పేరు రూతు. కూలి చేసుకునే కుటుంబం, వయసులో నాకంటే రెండు మూడేళ్లు చిన్న. లోపలినుంచి తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన, ఏసుపాదం సార్, వచ్చి, మా నాయిన పేరు వినగానే ఒక కుర్చీని తువ్వాలతో తుడిచి నా ముందు వేశారు.

"కూసోండ్రి పటేలా. ఏమైంది మోటారుకు?"

"వైండింగ్ కాలింది సార్. మార్చాలి."

ఆయన మోటారుకు కరెంటిచ్చి, ఒక పెద్ద స్క్రూడ్రైవర్ మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. కాసేపు విని స్క్రూడ్రైవర్‌ను ఆ అమ్మాయికి అందించారు. "ఇను బిడ్డా. ఏమంటున్నది?"

ఆమె కళ్లు మూసుకుని వింది. "వైండింగ్ మంచిగనే ఉన్నది సార్. ఎనుక బేరింగు ఏడుస్తున్నది."

"ఔ," అన్నారాయన.

విప్పితే వెనక బేరింగులో గుండ్లు అరిగి కనిపించాయి. నాకు తల కొట్టేసినట్టయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా నాయిన ఊరికే అనేవాడు కాదు. కానీ ఆ పూట నన్ను గుచ్చింది నా తప్పు కాదు, ఆ 'ఔ'. అందులో మెచ్చుకోలు లేదు, ఆశ్చర్యం లేదు. తనకు వినిపించిందే ఆమెకూ వినిపించింది, అంతే. నాకు మాత్రం కుర్చీ వేశారు, టీ తెప్పించారు, పటేలా అన్నారు. ఇంతలో మధ్యాహ్నం అన్నం వేళ అయింది. ఆయన వెనక గదిలోకి పోయి గిటార్ తీసి, అల్యూమినియం టిఫిన్ డబ్బా ఒకటి కాలితో నొక్కారు. వచ్చిన చప్పుడు ఇత్తడి బిందెలో కందిరీగలు తిరుగుతున్నట్టుంది, కానీ ఆ రొదలో మనిషి గొంతు ఉంది. మోటారు ఆటోలో ఎక్కించి పంపేసి, నేను అక్కడే ఉండిపోయాను. ఆ ఉండిపోవడం మూడేళ్లు సాగింది.

ఆ డబ్బాను ఆయన వయసులో ఉన్నప్పుడు సొంతంగా చేసుకున్నారు. హాస్టల్లో తోటివాడెవడో ఒక విదేశీ డబ్బా లోపలి బొమ్మను కాగితం మీద గీసిచ్చాడట. అది చూసి, పాడైన రేడియోల్లోని జెర్మేనియం ట్రాన్సిస్టర్లు పీకి, తన టిఫిన్ డబ్బాలోనే అమర్చుకున్నారు. తర్వాత తరం ట్రాన్సిస్టర్లకు ఆ గొంతు రాదు. దుకాణంలో నేను అతుకులు పెట్టడం నేర్చుకున్నాను, లెక్కలు నేర్చుకున్నాను, ఏ భాగం ఎందుకుందో నేర్చుకున్నాను. గిటార్ కూడా నేర్పబోయారు గాని నా వేళ్లు తీగల మీద కట్టెల్లా ఉండేవి. రూతు మాత్రం అన్నం వేళల్లో, చేతికి తీగల మసి ఉండగానే, ఆరు నెలల్లో పాటలు వాయించేసింది. ఆమె వాయిస్తుంటే నేను శ్రద్ధగా టీ గ్లాసులు కడిగేవాడిని. ముఖం కనపడకుండా ఉండటానికి.

ఒక ఎండాకాలం ఆయన వరంగల్ పాత సామాన్ల దుకాణాలు తిరిగి సంచెడు పాత ట్రాన్సిస్టర్లు తెచ్చారు. ఇంకో డబ్బా చేయాలని ఆయన కోరిక. మంచివి ఏరమని మా ఇద్దరికీ చెప్పారు. ఇదే అదనని నేను రెండు రోజులు కూర్చుని ఒక్కొక్కదాన్నీ మీటరుతో కొలిచి, చీటీ రాసి, వరుసగా పేర్చాను. రూతు కొలవలేదు. ఒక్కొక్కటీ డబ్బాలో పెట్టడం, ఒక తీగ మీటడం, వినడం, పనికొచ్చినదాన్ని ఒక మూతలో వేసుకోవడం. సాయంత్రానికి ఆమె మూతలో ఆరు మిగిలాయి. నా వరుసలో మొదటి పదింటిలో వాటిలో ఒక్కటీ లేదు. సార్ రెండూ చూసి, మూతలోంచి రెండు తీసుకున్నారు. నా ముఖం చూసినట్టున్నారు, జాలిపడ్డారు.

"మీటర్‌ది తప్పు గాదు పటేలా. మీటర్‌కు పాట రాదు, గంతే."

ఆ జాలి నాకు అన్నం అరగనివ్వలేదు. ఆమె అరవై ఏళ్లు బతికినా నేర్చుకోలేని లెక్కలు నాకు వచ్చు. నేను నూరేళ్లు బతికినా నేర్చుకోలేని చెవి ఆమెకు ఊరికే వచ్చింది. పంపకం న్యాయంగానే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. ఆమె రాని రోజున నేను సార్‌తో ఎక్కువ మాట్లాడేవాణ్ణి, ఆ ఒక్క రోజూ స్క్రూడ్రైవర్ నా చేతికి ఇస్తారేమోనని. ఇచ్చేవారు కూడా. విన్న తర్వాత నేను చెప్పింది ఓపిగ్గా విని, "మంచిగ చెప్పిండ్రు" అనేవారు. 'ఔ' అనేవారు కాదు. పెళ్లి భోజనం ఎట్లుందని అడిగితే బంధువులు అనే మాటలాంటిది ఆ 'మంచిగ'.

తర్వాత నాకు కంపెనీలో పని దొరికింది, జనగామలో కాపురం పెట్టాను. సార్ భార్య పోయాక దుకాణం వదిలేసి తన ఊరైన మహబూబాబాద్ వెళ్లిపోయారు. అందరిలాగే ఆయనా మానుకోట అనే అనేవారు. వెళ్తూ వెళ్తూ దుకాణాన్ని, పనిముట్లను, చివరికి ఆ స్క్రూడ్రైవర్‌ను కూడా రూతు చేతిలో పెట్టారు. అది సబబే. ఆ దుకాణం నడపగలిగింది ఆమే. అయినా ఆ సంగతి ఫోన్‌లో విన్న రోజున నేను మా ఆవిడతో కారణం లేకుండా గొడవ పడ్డాను.

మానుకోటలో ప్రతి వేసవిలో వాళ్ల సంఘం ప్రార్థన సభలు పెడుతుంది. రేకుల షెడ్డులో పొద్దున తొమ్మిదింటికి మొదలై మధ్యాహ్నం దాకా సాగుతాయి. సార్ ఆ పాత డబ్బాతోనే వాయించేవారు, రూతు భూపాలపల్లినుంచి బస్సులో వచ్చి పాడేది. నన్ను కూడా ఏటా పిలిచేవారు. నేను ప్యాసింజర్ బండిలో పోయేవాణ్ణి. అందరూ జంపకానాల మీద కూర్చుంటే నాకు మాత్రం ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. ఆ కుర్చీలో నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. మొదటి పాట ఫోన్‌లో రికార్డు చేసుకుని, బండి టైమైందని చెప్పి లేచి వచ్చేసేవాణ్ణి. మూడేళ్లు అదే చేశాను. ఆ తప్పు విలువ నాకు తర్వాత తెలిసింది.

ఒక చలికాలం సార్ ఫోన్ ఎత్తడం తగ్గించారు. పోయి చూస్తే ఎడమ చెవి పూర్తిగా పోయింది. మోటార్ల రొదలో, స్పీకర్ల పక్కన గడిపిన చెవులు కదా. కుడిది కూడా ఏడాదికో రెండేళ్లకో పోతుందని దవాఖానలో చెప్పారట. ఆయన నవ్వుతూనే చెప్పారు. తిరుగు ప్రయాణంలో నాకు ఒకటే ఆలోచన. ఆ డబ్బా గొంతును సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలి. కుడి చెవి ఉండగానే ఆయనకు వినిపించాలి. విని ఆయన 'ఔ' అనాలి, అదీ నాతో అనాలి. కంపెనీకి వేరే కారణాలు రాశాను, వాళ్లు ఒప్పుకున్నారు. అసలు కారణం ఇది.

మే నెలలో వారం రోజులకని డబ్బాను అడిగి జనగామ తెచ్చుకున్నాను. ఇస్తూ సార్ ఏదో చెప్పబోయారు. "అంతా నాకు తెలుసు సార్, జాగ్రత్తగా చూసుకుంటా" అని నేనే ఆపేశాను. డబ్బా అడుగున ఇసుక రేణువులు అంటుకుని ఉంటే శుభ్రంగా తుడిచాను. కొలవడం మొదలుపెట్టాక పిచ్చెక్కిపోయింది. పొద్దున కొలిస్తే ఒక తీరు, మధ్యాహ్నం కొలిస్తే ఇంకో తీరు. జెర్మేనియం వేడికి పట్టు తప్పుతుందని పుస్తకాల్లో చదివిందే. కాబట్టి పుస్తకాల్లో చెప్పినట్టే చేశాను. నలభై సార్లు కొలిచి, సగటు తీసి, ఆ సగటుతో సాఫ్ట్‌వేర్ రాశాను. నా ఫోన్లో ఉన్న మొదటి పాట రికార్డింగుకూ దానికీ పొత్తు కుదరలేదు. తప్పు ఫోన్‌దే అనుకున్నాను.

డబ్బా, ల్యాప్‌టాప్ పట్టుకుని మానుకోట పోయేసరికి, మరునాడు సభలు ఉన్నాయని రూతు అక్కడే ఉంది. మనసులో ఉసూరుమన్నాను. సార్ కుడి చెవి స్పీకర్ వైపు తిప్పి కూర్చున్నారు. రూతును గిటార్ వాయించమన్నారు. ఆ శబ్దం నా సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చింది. సార్ చివరి దాకా విన్నారు.

"మంచిగున్నది పటేలా. మస్తు కష్టపడ్డరు."

ఆ 'మంచిగ' నాకు తెలుసు. రూతు గిటార్ పక్కన పెట్టి, చెప్పాలా వద్దా అని సార్ వైపు చూసింది. ఆయన నవ్వారు. "చెప్పు బిడ్డా."

"గిది ఏ పాటది గాదన్నా," అంది రూతు. "మొదటి పాట గాదు, నాలుగోది గాదు, ఆఖరుది గాదు."

నాకు అర్థం కాలేదు. కోపమొచ్చింది. "పాటతో ఏం పని? డబ్బా డబ్బానే కదా?"

అప్పుడామె నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. మూలన రంజన్, కింద తడి ఇసుక, ఆ ఇసుకలో ఒక టిఫిన్ డబ్బా పట్టేంత గుంట. సభల రోజున తెల్లవారగానే సార్ డబ్బాను సంచిలో చుట్టి ఆ గుంటలో పెడతారట. చల్లబడిన డబ్బాతో తొమ్మిదింటికి మొదటి పాట. అప్పుడు దాని గొంతు నున్నగా, నిండుగా ఉంటుంది కాబట్టి స్తుతి పాట. షెడ్డు రేకులు కాలుతున్నకొద్దీ డబ్బా వేడెక్కుతుంది. నాలుగో పాటకు గొంతు రాచుకుపోతుంది, అది పశ్చాత్తాపం పాట. మిట్టమధ్యాహ్నం చివరి పాటకు డబ్బా ఒక్కొక్క స్వరం మధ్యలో తెగిపోతూ, ఏడ్చి ఏడ్చి మాట రాని మనిషిలా పలుకుతుంది. అది మరణించినవాళ్లను తలుచుకునే పాట. ఎండనుబట్టి డబ్బా, డబ్బానుబట్టి పాటల వరుస. ఇన్నేళ్లుగా ఆ వరుస మారలేదు. సంఘంలో ముసలమ్మలకు కూడా ఆ సంగతి తెలుసు. నేను తుడిచేసిన ఇసుక, నేను సగటు చేసిన ఆ వేడి, అదే ఆయన సంగీతం.

సార్ దగ్గరికి వచ్చి అడిగాను. "నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్పబోతిని. తెలుసన్నరు," అన్నారాయన మెల్లగా. "అడగంది అమ్మ సుత పెట్టది పటేలా. మీరెన్నడూ రెండో పాట దాక కూసోలేదు."

ఆ రాత్రి అక్కడే ఉండి, మరునాడు సభలో చివరి పాట దాకా కూర్చున్నాను. కుర్చీలోనే. ఆ పాటకు నా పక్కన జంపకానా మీద ఉన్న ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. సగం పాటకు, సగం నా మీద నాకే కోపంతో.

ఆ తర్వాతి వారం రూతు దుకాణం మూసుకుని వచ్చింది. సార్ ఇంటి ముందు రేకుల కింద మేమిద్దరం కూర్చున్నాం. పొద్దున ఇసుకలోంచి తీసిన డబ్బాకు నేను ఒక థర్మామీటర్ కట్టాను. ఆమె వాయిస్తూ ఉండేది, నేను కొలుస్తూ ఉండేవాణ్ణి. "ఇగో, రెండో పాట వచ్చింది," అనేది. నేను రాసుకునేవాణ్ణి. నాకు తేడా తెలిసేది కాదు. థర్మామీటర్ చూస్తే అరడిగ్రీ జరిగి ఉండేది. "ఆగన్నా, ఇంక నాలుగోది కాలే... ఇగో, ఇప్పుడు." మూడు రోజులు ఆ 'ఇప్పుడు' వింటూ కూర్చున్నాను. ప్రతిసారీ ఆమె చెవిని చూసి కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ప్రతిసారీ ఆమె చెప్పిందే రాసుకున్నాను. ఆ రెండు పనులూ ఒకే చేత్తో చేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

ఈసారి రాసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట పెట్టాను. ఒక కొసన మొదటి పాట, ఇంకో కొసన చివరి పాట. వర్షాలు మొదలయ్యేలోపు పూర్తయింది. సార్ చెవికి అప్పటికి గట్టి చప్పుళ్లే వినిపిస్తున్నాయి. స్పీకర్‌ను ఆయన కుడి చెవికి దగ్గరగా జరిపి, రూతు వాయిస్తుండగా నేను మీటను నెమ్మదిగా తిప్పాను. నాలుగో పాట దగ్గర ఆయన కళ్లు మూసుకున్నారు. చివరి పాట దగ్గర ఆయన కుడికాలు, డబ్బా లేని చోట, నేలను నొక్కింది.

"ఔ," అన్నారు. "ఔ బిడ్డా, నా డబ్బనే."

అన్నది రూతు వైపు చూసి. తర్వాత నా వైపు తిరిగి చేతులు జోడించారు. "మీ రుణం తీర్చుకోలేను పటేలా."

ఇంతకాలం దేనికోసం ఎదురుచూశానో అది నా కళ్ల ముందే వచ్చి పక్కింటికి పోయింది. చేతులు జోడించడం ఎవరిక్కావాలి? సాఫ్ట్‌వేర్ విడుదలప్పుడు దాన్ని తయారుచేసినవాళ్ల పేర్లు పంపమని కంపెనీ అడిగింది. డబ్బా తయారుచేసినవారు ఏసుపాదం. సాఫ్ట్‌వేర్ నేను. రెండు పేర్లు రాసి పంపేశాను. ఆమె ఒక్క అక్షరం కోడ్ రాయలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చాలా తేలిగ్గా ఒప్పుకున్నాను కూడా.

చలికాలంలో, విడుదలైన సాఫ్ట్‌వేర్ చూపించడానికి మానుకోట పోయాను. సార్‌కు అప్పటికి ఏమీ వినపడదు. అందుకే వినిపించబోతే చేయి అడ్డం పెట్టి, కళ్లద్దాలు తెమ్మన్నారు. ఇక వినలేరు కాబట్టి చదువుతారన్నమాట. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, తెర మీద తన టిఫిన్ డబ్బా బొమ్మ చూసి మురిసిపోయారు. పాటల మీట చూసి నవ్వారు. పేర్ల దగ్గరికి వచ్చారు. వేలు పెట్టి చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. తెరను కిందికి జరిపి ఇంకేమైనా ఉందేమోనని వెతికారు. తర్వాత కళ్లద్దాలు తీసి, వినపడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా, వీధిలోవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అరిచారు.

"ఆ బిడ్డ పేరేదిరా?"

నేను మాట్లాడినా ఆయనకు వినపడదు.

"సిగ్గులేదారా నీకు? మూడు దినాలు ఎండల కూసోపెట్టి, ఆమె చెవి దోసుకపోయినవ్. పేరు రాయనీకి చేయి రాలేదారా?"

నేను తల వంచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అదే క్షణంలో, చెబితే ఎవరూ నమ్మరుగాని, ఒళ్లంతా పులకరించింది. పటేలు ఎక్కడికో పోయాడు. కుర్చీ పోయింది, 'మీరు' పోయింది, జోడించిన చేతులు పోయాయి. ఎన్నేళ్లుగానో ఆయన నాతో ఇట్లా మాట్లాడాలని ఎదురుచూశాను. ఆ మాట వచ్చిన రోజున నేను దొంగనై ఉన్నాను. ఏడుస్తూ ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుండిపోయాను. ఆయన కోపం తగ్గలేదు. నన్ను లేపలేదు కూడా.

మూడో పేరు వారంలోగా చేరింది. అది చూపించి చెంపలేసుకోవడానికి భూపాలపల్లి పోయాను. రూతు మోటారు ఒకటి ముందేసుకుని, ఆ పాత స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని ఉంది. విషయమంతా చెప్పాను. ఓర్వలేకే రాయలేదని కూడా చెప్పాను. ఆమె మోటారు ఆపి, చేతులు తుడుచుకుంది.

"నేను సుత ఏడ్చిన అన్నా నిన్ను జూసి," అంది. "నువ్వు వచ్చిన్నాడు సార్ కుర్చీ తుడిచి ఏసిండు గద. నేను ఆరేండ్లు చేసిన ఈడ. గోనెసంచి మీదనే. ఒక్కనాడు గా కుర్చీల కూసోమనలే." తర్వాత నవ్వింది. "ఇప్పుడు దుకాణం నాదే. గిప్పుడు సుత సంచి మీదనే కూసుంటున్న. అలవాటైపోయింది."

దుకాణంలో ఆ కుర్చీ ఇంకా ఉంది, దాని మీద రాగి తీగ చుట్టలు పెట్టి ఉన్నాయి. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆమె వద్దనలేదు. సార్ మంచివారే, కానీ మంచివారి చేతికి కూడా కొన్ని అలవాట్లు ఊరు నేర్పుతుందని ఆ రోజు తెలిసింది.

కిందటేడు శ్రావణంలో సార్ పోయారు. మూడు రోజులుగా ముసురు. మానుకోటలో ఇంటి ముందు టెంటు వేశారు, దాని మీదినుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. సమాధికి తీసుకుపోయే ముందు రూతు గిటార్ పట్టుకుని, ఆ టిఫిన్ డబ్బాను కాలి దగ్గర పెట్టుకుంది. చివరి పాట ఎత్తుకుంది. రెండు స్వరాలు వాయించి ఆగిపోయింది. మళ్లీ వాయించింది, మళ్లీ ఆగింది. నాకు కూడా తెలిసింది. ఆ చలికి డబ్బా వేడెక్కలేదు. మరణం పాట ఎత్తుకుంటే స్తుతి పాట గొంతుతో, నున్నగా, చల్లగా పలుకుతోంది. ఆయన చేసిన డబ్బా ఆయన కోసం ఏడవనంటోంది. రూతు జనంలో నా కోసం వెతికింది.

"అన్నా, నీ దాంట్ల ఎండ ఉన్నది గద. తియ్యి."

బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీశాను. టెంటు కింద తడి తగలకుండా ఎవరో గొడుగు పట్టారు. గిటార్ తీగను దానికి కలిపి, దాన్ని మందిరం స్పీకర్‌కు కలిపాం. రూతు వాయించడం మొదలుపెట్టింది. నా వేలు మీట మీద ఉంది. ఎప్పటిలాగే ఆమె 'ఇప్పుడు' అంటుందని చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె చెప్పదు. కొలవడానికి థర్మామీటరూ లేదు. ఉన్నా దేన్ని కొలవాలి? నాకున్న చెవితోనే వింటూ తిప్పాను. నాలుగో పాట దాటింది. స్వరాలు రాచుకుపోయాయి, తర్వాత మధ్యలో తెగడం మొదలైంది. వెనక వరసలో ఒక ముసలామె పెద్దగా ఏడ్చింది. అక్కడ ఆపాను.

అంతా అయ్యాక తడిసిన మట్టిలో నడుస్తూ అడిగాను. "సరిపోయిందా?"

రూతు గిటార్‌ను ఇంకో భుజానికి మార్చుకుంది. "జరంత దాటింది అన్నా." మళ్లీ అంది, "కానీ దాటాలె. ఇయ్యాల దాటాలె."

డబ్బా ఇప్పుడు రూతు దగ్గరే ఉంది. సార్ ఇంట్లోని రంజన్‌ను కూడా ఆమే తీసుకుపోయింది, గుంటపడిన ఇసుకతో సహా, ఒక బస్తాలో. నన్ను అడిగే తీసుకుపోయింది, నేనే తీసుకోమన్నాను. జనగామలో మా వరండాలో కొత్త రంజన్ కింద ఇసుక సాఫీగా ఉంది, అందులో పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. పొద్దున ఆ వాసన వస్తే ఇప్పటికీ ఓర్వలేను. ఆ చెవి ఆమెది, స్క్రూడ్రైవర్ ఆమెది, డబ్బా ఆమెది, 'ఔ' ఆమెది, 'బిడ్డా' ఆమెది. ఆయన దగ్గర్నుంచి పని నేర్చుకున్నాను, వినడం కొంచెం నేర్చుకున్నాను, చివరి పాట దాకా కూర్చోవడం నేర్చుకున్నాను. ఓర్వలేనితనం మాత్రం మానలేకపోయాను. అయినా మనసు మరీ మండిన రోజున నాకు నేను చెప్పుకునే మాట ఒకటుంది. ఇన్నేళ్లలో ఆయన రూతును ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆ తిట్టు నా ఒక్కడిదే.